భుజం మీద కాయ

ముందుగా, చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చి ఏడాది దాటింది, అంతే. ఒత్తులు ఒకదాని బదులు ఇంకొకటి పడతాయి. శ ఎక్కడ రాయాలో, స ఎక్కడ రాయాలో ఇంకా తడబాటే. ఒక పేజీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. రాత్రిబడి పంతులమ్మ ఛాయాదేవి గారు తప్పులు దిద్దుతానన్నారు గాని నా మాటలు మార్చనన్నారు. కాబట్టి తప్పులింకా మిగిలితే అవి నావే.

మా ఆయన బంగార్రాజు పోయి మూడేళ్లయింది. భుజం మీద కత్తి పెట్టించబట్టే రోగం కడుపులోకి పాకిందని, ముట్టుకోకుండా వదిలేస్తే బతికుండేవాడని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. మొన్న ఒక పెళ్లిలో నా ఎదురుగానే అన్నారు. ఎవరికన్నా ఒంటి మీద గడ్డ లేస్తే, బంగార్రాజు సంగతి చూశాంగా అని ఆసుపత్రికి పోనివ్వడం లేదు. జరిగింది అది కాదు. జరిగింది రాస్తాను.

మాది పామర్రుకు రెండు కాలవల అవతల ఊరు. చేపలవాళ్లం. పట్టిన చేపను పామర్రు బజారుకు మగవాళ్లు కావిడి మీద, ఆడవాళ్లు నెత్తిన తట్టలో మోస్తారు. సైకిళ్లు వచ్చాక చాలామంది కావిడి మానేశారు. మా ఆయన మానలేదు. గట్టు మీద బురదలో సైకిల్ని కూడా మనమే మోయాలి, ఆ మోసేదేదో చేపనే మోస్తానని అనేవాడు.

కావిడి మోసేవాడికి భుజం మీద కాయ కాస్తుంది. కావిడిబద్ద ఆనే చోట చర్మం మందమై, కొన్నాళ్లకు గేదె కొమ్ము మొదలులాగా గట్టిపడుతుంది. మాలో అది జబ్బు కాదు, పనివాడి ఆనవాలు. పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు భుజం తడిమి చూసేవాళ్లు. మా నాన్న కూడా చూశాడు. వీడు తిండి పెడతాడని ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పాడట.

మొన్నటి పెద్ద ఉప్పెనకు ముందు ఏడు, చలి తగ్గే రోజుల్లో, మా ఆయన ఎడమ భుజం వెనక, మెడకు దగ్గరగా ఇంకో గట్టితనం కనపడింది. పాత కాయకు బెత్తెడు దూరం. అందరం కాయే అనుకున్నాం. వయసు మీద పడి నడక మారింది, బద్ద ఆనే చోటు వెనక్కి జరిగింది అనుకున్నాం. మా బావగారు కాశీరావు, అంటే మా ఆయన అన్నగారు, ఆయనా కావిడి మీద బతికిన మనిషే, తడిమి చూసి లేతకాయ అన్నారు. లేతకాయ మీద బరువు పెడితే ముదిరి నొప్పి పోతుంది, ఊరికే వదిలేస్తే పుండవుతుంది. ఇది మా వాళ్లందరూ చెప్పే మాట. నేనూ చెప్పేదాన్నే. అందుకని మా ఆయన బద్దను సరిగ్గా ఆ గట్టితనం మీదికే జరుపుకుని, గంపల్లో ఎప్పుడూ వేసేదానికంటే ఎక్కువ కొర్రమీనులు వేసుకుని మోశాడు.

నొప్పి పోలేదు. ఉసిరికాయంత ఉన్నది నిమ్మకాయంత అయింది. ఉప్పు మూట కాచి కాపడం పెట్టాను. ఎముకలు కట్టే రత్తయ్య గుడ్డుసొన, మినప్పిండి కలిపి పట్టు వేశాడు. మా ఆయన చెయ్యెత్తి వల విసరలేని స్థితికి వచ్చాడు. తిండి కూడా తగ్గింది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిందని కంచం జరిపేవాడు. నొప్పితో ఉన్న మనిషికి ఆకలేం వేస్తుందని సరిపెట్టుకున్నాను. మనిషి చిక్కాడు. చిక్కేకొద్దీ భుజం ఎముకలు బయటపడి ఆ గడ్డ ఇంకా పెద్దదిగా కనపడింది. ఆ గడ్డే ఆయన్ని తింటోందని నాకు అనిపించేది.

ఎండాకాలం కాలవలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన చేప మాకు బాగా దొరుకుతుంది. ఏడాది మొత్తంలో సంపాదన రోజులవే. అలాంటి రోజున బజారుకు పోతూ మా ఆయన గట్టు మధ్యలో కావిడి దించేశాడు. వెనక తట్టతో నేనున్నాను. దారిలో కావిడి దించడం మా పెళ్లయిన తరవాత నేనెప్పుడూ చూడలేదు. చేపను ఎండలో పెట్టి నిలబడ్డాడు.

"గంగా, ఈ చెయ్యి నాది కాదే," అన్నాడు.

మర్నాడు బావగారు, మా ఆయన, నేను బెజవాడ బస్సెక్కాం. గవర్నర్‌పేటలో రామకోటేశ్వరరావు గారని డాక్టరు ఉన్నారు, గడ్డలు బాగా కోస్తారని పామర్రు బజారులో చెప్పారు. బస్సులో మా ఆయన ఒకటే మాట. కాలవలకు నీళ్లొదిలేసరికి భుజం బాగుపడాలి. అంతకు మించి ఆయనకేం అక్కర్లేదు.

డాక్టరు గారు చొక్కా విప్పించి ముందు పాత కాయను పట్టుకుని కదిపారు. తరవాత గడ్డను కదిపారు. ముందున్నది కాయేనని, చర్మంతో పాటు కదులుతోందని, వెనకది మాత్రం లోపల కండలో పాతుకుని ఉందని చెప్పారు. బావగారు లేతకాయ సంగతి చెప్పబోయారు. డాక్టరు గారు నా వైపు తిరిగారు.

"అన్నం ఎట్టా తింటున్నాడమ్మా?"

నాకు కోపం వచ్చింది. భుజం చూపించడానికి ఇంత దూరం వస్తే అన్నం సంగతి అడుగుతాడేమిటి, ఈయన సరిగ్గా చూడలేదేమో అనుకుని, మా ఆయన్ని ఇటు తిప్పి గడ్డ మీద వేలు పెట్టి మళ్లీ చూపించాను.

"నొప్పి ఇక్కడండీ."

"చూశానమ్మా. అన్నం సంగతి చెప్పు."

"ఎండలకి తినట్లేదండీ."

"ఎండలు మొన్ననేగా ముదిరింది. తినడం ఎప్పట్నించి తగ్గింది?"

అప్పుడు ఆలోచించాను. కోతల రోజుల్లో మా పెద్దమ్మాయి వచ్చి బొమ్మిడాయిల పులుసు పెడితే, ఆ పులుసంటే పడిచచ్చే మనిషి సగంలో లేచిపోయాడు. పిల్ల చిన్నబుచ్చుకుంది. అప్పటికి భుజం మీద ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. డాక్టరు గారు మా ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కడం మొదలుపెట్టారు. మా ఆయన నవ్వి, గడ్డ ఇంకా అంత కిందికి దిగలేదండీ అన్నాడు. డాక్టరు గారు నవ్వలేదు.

భుజం కోసి గడ్డలో వచ్చినంత తీశారు. అందులోంచి చిన్న ముక్క పరీక్షకు గుంటూరు పంపించామని చెప్పారు. కోత నొప్పి తగ్గగానే మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. లోపల గుంజుడు పోయిందన్నాడు. కుడి భుజానికి కావిడి అలవాటు చేసుకుని ఎడమదానికి కొన్నాళ్లు సెలవిస్తానని పక్క మంచం వాళ్లతో చెప్పేవాడు. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని వీధిలో మూటలు మోసేవాళ్లను చూసి, ఫలానావాడికి మోత తెలియదు, నడుం పోతుంది అని పేర్లు పెట్టేవాడు. అన్నం మాత్రం అవే నాలుగు ముద్దలు.

గుంటూరు నుంచి కబురు వచ్చాక డాక్టరు గారు నన్నూ బావగారినీ తన గదిలోకి పిలిచారు. మా ఆయన్ని పిలవలేదు. కుర్చీలో కూర్చోమన్నారు. మాలాంటి వాళ్లను ఎవరూ కుర్చీలో కూర్చోమనరు.

"భుజంలో తీసింది భుజంలో పుట్టిన జబ్బు కాదమ్మా. కడుపులో పుట్టింది. కాన్సరు. అక్కణ్ణించి భుజానికి వచ్చింది," అన్నారు.

కాన్సరు మాట మాకు తెలియనిది కాదు. మా ఊళ్లో చుట్టలు తాగే ముసలమ్మకు నోట్లో వచ్చింది. కడుపులో పుట్టి భుజం మీద లేస్తుందని మాత్రం ఎక్కడా వినలేదు. ఆయన చెప్పిన మాటలన్నీ తెలుగు మాటలే. నాకు ఏదీ లోపలికి పోలేదు. చెవుల్లో హోరు మొదలైంది. బావగారి నోరు కదులుతోంది గాని ఏమంటున్నారో వినపడలేదు.

ఆ హోరులో నాకు ఒకటే తోచింది. మా బజారులో గంపలన్నీ ఒకచోట దించుతాం. అన్ని గంపలూ ఒకే వెదురు, ఒకే అల్లిక. ఒకరి చేప ఒకరి పేర వేలంలో పోకుండా ఎవరి గంపకు వాళ్లు గుడ్డపీలిక కట్టుకుంటారు. మాది ఎర్రంచు పీలిక. పీలిక ఊడిపోయిన పూట ఎన్ని తగాదాలు అయ్యాయో లెక్కలేదు. ఇక్కడా అదే అయిందనుకున్నాను. ఎవరో కడుపు జబ్బు మనిషి ముక్క మా ఆయన పేర పడింది.

"సీసాకి పీలిక కట్టారా అండీ?" అని అడిగాను.

డాక్టరు గారికి అర్థం కాలేదు. బావగారు సిగ్గుపడుతూ గంపల సంగతి చెప్పారు. డాక్టరు గారు లేచి, గడ్డలో మిగిలిన భాగం ఉన్న సీసా తెచ్చి నా ముందు పెట్టారు. దాని మీద కాగితం అంటించి ఉంది. బంగార్రాజు అని రాసి ఉందన్నారు.

"అక్షరాలు నాకు రావండీ. ఆయన పేరేనని నేనెట్టా నమ్మేది?" అన్నాను. డాక్టరు గారితో అంత మాట ఎలా అన్నానో తెలియదు.

ఆయనకు కోపం రాలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకూ నమ్మకం కుదర్లేదమ్మా. ఇన్నేళ్ల నించీ కోస్తున్నాను, కడుపులోది కండలోకి వచ్చి ఇట్టా గడ్డ కట్టడం నేను చూళ్లేదు. సీసాలు మారాయనే అనుకున్నాను. అందుకని మీకు చెప్పకుండా ఇంకో ముక్క పంపించాను. మా మనిషి చేతికిచ్చి, పరీక్ష అయ్యేదాకా అక్కణ్ణించి కదలొద్దన్నాను. ఇవాళ పొద్దున వచ్చింది. అదే మాట."

నేను అనుమానించింది ఆయనా అనుమానించారని తెలిసి ఒక్క క్షణం ప్రాణం లేచింది. ఆ తరవాతి మాటతో పోయింది.

మర్నాడు మా ఆయనకు సున్నం తేటలాంటి తెల్లటి మందు తాగించి పొట్టకు ఎక్స్‌రే తీశారు. ఆకలి పుట్టడానికని చెప్పాం. నా కడుపుకి వెల్ల వేస్తున్నారే అని మా ఆయన నాతో అన్నాడు. ఆ ఫిలిం డాక్టరు గారు కిటికీకి అడ్డం పెట్టి మాకు చూపించారు. తెల్లగా నిండిన సంచి ఒక పక్క ఎలక కొరికినట్టు తరుక్కుపోయి ఉంది.

మధ్యాహ్నం మా ఆయన నిద్రపోతుంటే పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేశాను. మెత్తగా, నున్నగా ఉంది. గడ్డ లేదు, గాయం లేదు. ఇన్ని నెలలు భుజానికి కాపడం పెట్టాను, పట్లు వేయించాను, కోయించాను. దొంగ మాత్రం ఇక్కడ కూర్చున్నాడు. నేను చెయ్యి తీయలేకపోయాను.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి పెద్ద డాక్టర్లు ముగ్గురు కారులో వచ్చారు. మా ఆయన్ని చెయ్యెత్తమన్నారు, దించమన్నారు, తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు. వాళ్ల ముఖాల్లో జాలి ఉంది గాని, దాని వెనక వింత చూసిన వెలుగూ ఉంది. నేనది గమనించాను. మా ఆయన మాత్రం తల దువ్వుకుని కూర్చుని, "చూశావా, నా భుజం కోసం గుంటూరు నించి కారేసుకొచ్చారు," అన్నాడు.

వాళ్లు వెళ్లాక బావగారు డాక్టరు గారిని నిలదీసినంత పని చేశారు. కత్తి పెట్టాకే కడుపులోకి దిగిందా అని అడిగారు. ఈ జవాబు మా ఊరివాళ్లు అందరూ వినాలని రాస్తున్నాను. డాక్టరు గారు కాలవ సంగతి ఎత్తి చెప్పారు. కాలవల్ని కప్పేసే గుర్రపుడెక్క ఎక్కడో ఒక చోట పుడుతుంది, దాని తునక నీళ్లలో కొట్టుకొచ్చి ఇంకో చోట పట్టుకుంటుంది. ఇదీ అంతే. కడుపులో పుట్టింది, తునక రక్తంలో కొట్టుకొచ్చి భుజం కండలో పట్టుకుంది. భుజంలోంచి మొదట కోసిన ముక్కలోనే కడుపు జబ్బు ఉందంటే, కత్తి పడేనాటికే అది అక్కడ ఉంది.

"డెక్క పట్టుకునేది నిలవనీళ్లలో అండీ. పారే చోట పట్టుకోదు," అన్నాను. "ఆయన కండ కదిలినంత ఇంకెవరి కండ కదిలింది?"

కదిలే కండలో ఈ జబ్బు పట్టుకోదనే తామూ చదువుకున్నామని, ఈయనకెందుకు పట్టుకుందో తనకు తెలియదని డాక్టరు గారు చెప్పారు. కడుపులో మాత్రమే ఉంటే కోసి తీసేవాణ్ణి, రక్తంలో పడి ఇంత దూరం వచ్చాక కోసినా మంచాన పడేయడమే అవుతుంది, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అన్నారు.

మా ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. బావగారు వరండాలోకి పిలిచి, "వాడికి చెప్పమాకమ్మా. ఆ మాట వింటే వాడు మందుకీ ఆగడు, మనకీ ఆగడు. భుజం మానుతోందనే సంతోషంతోనే పోనీ," అన్నారు. తమ్ముణ్ణి పెంచిన మనిషి. గోడ వైపు తిరిగి ఏడ్చారు. నేను సరేనన్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చేస్తున్న రోజు మా ఆయన అందరికీ చెప్పి బయల్దేరాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా కాలవలు చూస్తూనే ఉన్నాడు. ఇంకా నీళ్లు రాలేదు. మనం పోయేసరికి నీళ్లొదలరులే, నాకు టైముందిలే అన్నాడు. నేను కిటికీ బయటికి చూశాను.

పామర్రులో దిగాం. బావగారు ఊరికి బండి మాట్లాడడానికి వెళ్లారు. మేమిద్దరం ఇడ్లీ కొట్టు పందిరి కింద బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన కుడి చెయ్యి మడిచి ఆ భుజాన్నే తడుముకుంటూ, దీనికి కాయ కాసేదాకా మొదట్లో తేలిక గంపలు పెట్టుకుంటానని, బరువు మెల్లగా పెంచుతానని చెబుతున్నాడు. కొత్త కావిడిబద్ద చెక్కించుకోవాలని, పాతది ఎడమకి అలవాటు పడిందని, బావగారితో చెప్పి మంచి వెదురు తెప్పించమని నన్ను అడిగాడు. నేను తెప్పిస్తానని అనబోయాను. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"మావా, నీకు జబ్బు భుజంలో కాదంట. కడుపులో అంట," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. కుడి భుజం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"భుజం కోసి కడుపంటారేంటి?"

"కడుపులోంచే భుజానికి వచ్చిందంట. రెండుసార్లు చూశారంట. ఆ తెల్లమందు తాగించింది అందుకే."

"మళ్లీ కోస్తారా?"

"కొయ్యరంట."

ఎందుకు కొయ్యరని ఆయన అడగలేదు. చేపలవాడికి ఏ చేప నిలుస్తుందో ఏది నిలవదో ఒకరు చెప్పనక్కర్లేదు. ఎదర బస్సు ఎక్కేవాళ్లు తోసుకుంటున్నారు. ఆయన వాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఏడుస్తాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను, చెప్పినందుకు నన్ను తిడతాడనుకున్నాను. చాలాసేపటికి ఇటు తిరిగాడు.

"ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"గుంటూరు కబురొచ్చిన నాడే."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి బాధగా లేదు. అదే నాకు దిమ్మ తిరిగేలా చేసింది.

"అందుకా నువ్వు అన్నం తినంది," అన్నాడు. "ఆ రోజు నించీ చూస్తున్నా. కలుపుతావు, నాలుగు ముద్దలు తింటావు, కంచం జరుపుతావు. అచ్చం నాలాగే. నీకూ ఏదో వచ్చిందనుకున్నా. నాకు చెప్పకుండా దాస్తున్నారనుకున్నా. ఆ డాక్టరు మీ ఇద్దర్నీ గదిలోకి పిలిచింది నీ గురించే అనుకున్నానే."

ఆ కబురు తరవాత కూడా ఆయన అరుగు మీద కూర్చుని మూటలవాళ్లకు పేర్లు పెట్టింది, తల దువ్వుకున్నది, డాక్టర్లతో సరదాగా మాట్లాడింది ఆ భయం పెట్టుకునే. నేను తినడం లేదన్న సంగతి నాకే తెలియదు.

ఆయన లేచి, ఎడమ చెయ్యి కట్టుతో ఉంది కాబట్టి కుడిచేత్తోనే రెండు ఇడ్లీల ఆకు పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు. నాకొద్దు అన్నాను. తినమన్నాడు. నువ్వూ తిను అన్నాను. నేను తినలేనని ఇప్పుడు నీకు తెలుసుగా, నీకేమొచ్చింది అన్నాడు. బండి వచ్చి ఆగింది. బావగారు ఎక్కమని పిలిచారు. ఆగన్నయ్యా, ఇది తినేదాకా కదిలేది లేదని చెప్పి, రెండో ఇడ్లీ అయ్యేదాకా నా ఎదురుగా నిలబడ్డాడు.

ఆ ఏడు కార్తీకం రాకముందే పోయాడు.

మోకా గంగారత్నం
వయసు యాభై రెండు
ఇప్పుడు ఉండేది బెజవాడ భవానీపురంలో, మా పెద్దమ్మాయి దగ్గర